తొలి వంతు నీళ్ళు

అనగనగా ఒక ఎండల దేశం ఉండేదట. నేను చూడలేదు, చూసినవాళ్ళు చెబితే విన్నాను. విన్నది విన్నట్టు చెబుతాను, మీరు మధ్య మధ్య ఊ కొట్టండి చాలు.

ఆ దేశంలో చలికాలం పేరుకే వచ్చి పోయేది. కంబళ్ళు అమ్ముకునేవాడు అటువైపు వెళ్తే తెచ్చిన మూట తెచ్చినట్టే తిరిగి మోసుకుపోవలసిందే. ఏడాది పొడుగునా ఎండ, నడుమ కొన్నాళ్ళు వాన. అలాంటి చోట ఏం పండుతుంది అంటారేమో. ఏది వేస్తే అది పండేది. అరటి పండేది, బొప్పాయి పండేది, పనస పండేది. అన్నింటికన్నా ఎక్కువగా నిమ్మ పండేది.

అయితే నిమ్మతో ఒక చిక్కుంది. వానాకాలంలో అందరి చెట్లూ విరగకాస్తాయి. ముసురు పట్టి ముక్కులు కారుతుంటే నిమ్మరసం ఎవరు తాగుతారు? సంతలో కాయలు కుప్ప పోసి కూర్చుంటే ఈగలు తప్ప ఎవరూ పలకరించరు. అదే నడివేసవిలో అయితే కాయ కాయకూ కొనేవాళ్ళు పోట్లాడుకుంటారు. కానీ వేసవిలో ఏ చెట్టూ మనసారా కాయదు. కాయించగలిగినవాళ్ళ ఇంట లక్ష్మి తాండవిస్తుంది. మిగతావాళ్ళు ఊరగాయ పెట్టుకుని కూర్చుంటారు.

ఆ దేశపు రాజుగారు వేసవి రాగానే దారుల పొడుగునా చలివేంద్రాలు పెట్టించి, వచ్చేపోయే బాటసారులందరికీ నిమ్మరసం ఇప్పించేవారు. అందుకని ప్రతి వేసవిలో రాజుగారి బండి కాలువ కింది తోటలకు వచ్చేది. దొరికిన కాయలన్నీ మంచి ధరకు కొనుక్కుపోయేది.

కాలువ ఒక్కటే, తోటలు అనేకం. అందుకని నీళ్ళకు వంతులు పెట్టారు. తొలి వంతు వాళ్ళు తమ తోట తడిసి చాలనుకున్నాకే తరువాతి వాళ్ళకు వదులుతారు. చివరి వంతు వాళ్ళకు మిగిలితే మిగిలినట్టు, లేకపోతే లేనట్టు. వరసగా మూడు వేసవులు రాజుగారి బండికి ఎక్కువ కాయ ఎవరు పోస్తే తొలి వంతు వాళ్ళకు వస్తుంది. పోగొట్టుకున్నవాడు గెలిచినవాళ్ళ పాత వంతుకు దిగిపోవాలి. అక్కడి కట్టుబాటు అది.

ఈ కథ జరిగేనాటికి తొలి వంతు నాగినేడు అనే రైతుది. అది అతని తాత సంపాదించిన వంతు. ఆ తాత చివరి వంతు నీళ్ళతో, రాళ్ళ నేలలో నిమ్మ పెట్టి, మూడు వేసవులు రాజుగారి బండి నింపి గెలిచాడట. ఇంటికి ఎవరు వచ్చినా, వాళ్ళు కాళ్ళు కడుక్కునేలోపే నాగినేడు ఈ కథ మొదలుపెట్టేవాడు. తాత తరువాత తోటకు నీళ్ళు పెరిగినకొద్దీ వేసవి కాయ తగ్గుతూ వచ్చింది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు. తోట పెద్దది కాబట్టి, చెట్టుకు నాలుగు కాయలు కాసినా బండిలో అతని కాయే ఎక్కువ కనిపించేది.

అతని తోట పక్కనే మాచక్క తోట. భర్త పోయాక ఒంటరిగా సాగు చేసుకుంటున్న మనిషి. తోట చిన్నది, వంతు చివరిది. ఇద్దరి తోటలకూ నడుమ ఒక గట్టురాయి, ఆ రాయి మీద ఎప్పుడూ ఒక తొండ. తొండ సంగతి మీకు తెలుసు కదా. ఎవరు ఏమన్నా తల ఊపుతుంది.

ఒక వేసవిలో రాజుగారి బండి వచ్చింది. నాగినేడు కాయలు పోశాడు, బండికి అడుగు నిండింది. ఇంకెవరున్నారని మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు. అంతలో మాచక్క గంప తెచ్చింది. ఇంకో గంప తెచ్చింది. బండివాడు చాలమ్మా అనేదాకా తెస్తూనే ఉంది. కాయలు కూడా చిన్నాచితకవి కావు, పల్చటి తోలుతో పసుపు ముద్దల్లా మెరిసిపోతున్నాయి.

ఆ క్షణాన నాగినేడు కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. ఆ రోజు ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. భార్య కొండమ్మ చారులో నిమ్మకాయ పిండబోతే వద్దని కసిరాడు. ఏమైందని ఆవిడ అడిగితే తలనొప్పి అన్నాడు. నిజానికి నొప్పి తలలో లేదు, ఇంకాస్త కిందుగా, కడుపులో ఉంది. పక్కదాని తోటలో కాయ కాసిందని తన కడుపు మండుతోందని ఏ మొగాడు ఒప్పుకుంటాడు చెప్పండి.

మర్నాడు పొద్దున్నే గట్టురాయి దగ్గరికి వెళ్ళి, నోటి నిండా తేనె పోసుకుని అడిగాడు.

"ఏం చెల్లీ, చివరి వంతు నీళ్ళతో వేసవి కాయ ఎట్లా తీశావు?"

"దాన్లో ఏముందన్నా," అంది మాచక్క. "వానలు వెనకబట్టాక చెట్లకు నీళ్ళు ఆపేస్తాను. ఆకు ముడుచుకునేదాకా దాహంతోనే ఉంచుతాను. తరువాత కొంచెం కొంచెంగా తడుపుతాను. మనకు చలి లేదు కదా, చెట్టుకు పూసే వేళ అయిందని ఎవరు చెప్పాలి? ఆ దాహమే చెబుతుంది. అప్పుడు పూసిన పూతే వేసవికి కాయ అవుతుంది."

నాగినేడు తల పంకించి వెనక్కి తిరిగాడు. నాలుగు అడుగులు వేసేసరికి మనసులో పురుగు తొలిచింది. ఇలాంటి కిటుకు తనకు తెలిస్తే కన్నకొడుక్కి కూడా చెప్పడు. అడిగీ అడగ్గానే ఈవిడ చెప్పేసిందంటే అది నిజం ఎలా అవుతుంది? తన చెట్లను ఎండగట్టించి చంపించాలని చూస్తోంది. ఎంత గుండెలు తీసిన మనిషి!

గట్టురాయి మీద తొండ ఉంది. "ఆవిడ అబద్ధమే చెప్పింది కదూ?" అని దాన్ని అడిగాడు.

తొండ తల ఊపింది.

ఇంకేం కావాలి. వానలు వెళ్ళగానే నాగినేడు తన చెట్లకు ఎప్పుడూ పెట్టేదానికి రెండింతలు నీళ్ళు పెట్టించాడు. చెట్లు ఏపుగా పెరిగాయి. ఆకులు నల్లగా, నిగనిగలాడుతూ వచ్చాయి. దారినపోయేవాళ్ళు ఆగి, ఏం తోటయ్యా నీదని మెచ్చుకున్నారు. వేసవి వచ్చింది, బండీ వచ్చింది. ఆకు నిండుగా ఉంది గానీ కాయ వెతుక్కోవలసి వచ్చింది. ఆ ఏడు కూడా బండిలో ఎక్కువ కాయ మాచక్కదే అయింది. నాగినేడు కాయలు తీరిగ్గా వానాకాలంలో కాసి, సంతలో ఈగల పాలయ్యాయి.

రెండు వేసవులు పోయాయి. ఇంకొక్కటి పోతే తాత గెలిచిన తొలి వంతు పోతుంది. నాగినేడుకు నిద్ర కూడా పోయింది. తోటలో పని మానేసి, తెల్లవారితే గట్టు చాటున నిలబడి మాచక్క ఏం చేస్తోందో చూడటమే పనిగా పెట్టుకున్నాడు. ఆవిడ దగ్గితే ఎందుకు దగ్గిందా అని ఆలోచించేవాడు.

అలా చూస్తుంటే ఒకరోజు మాచక్క సున్నం కలిపి చెట్ల మొదళ్ళకు పూస్తూ కనిపించింది. ఉండబట్టలేక, అది ఎందుకని కేక వేసి అడిగాడు. ఎండకు బెరడు పగలకుండా, చీమలు ఎక్కకుండా మోకాలెత్తు వరకు పూస్తే చాలన్నా అని ఆవిడ చెప్పింది. చెట్టు మొదట్లో మేక ఎరువూ వేపపిండీ వేస్తున్నానని కూడా అడగకుండానే చెప్పింది. పోయినేడు నీళ్ళు ఆపలేదేమన్నా అని కూడా అడిగింది.

నాగినేడు లోలోపల నవ్వుకున్నాడు. ఎరువు, వేపపిండి అంటూ మాటలు మళ్ళించింది గానీ, అసలు కిటుకు సున్నంలోనే ఉందని తేల్చుకున్నాడు. మోకాలెత్తు చాలని ఎందుకంది? అంతకు మించి పూస్తే తనకన్నా ఎక్కువ కాస్తాయనే కదా. తొండను అడిగితే అదీ తల ఊపింది.

బండెడు సున్నం తెప్పించాడు. మొదళ్ళకు పూయించాడు, కొమ్మలకు పూయించాడు, నిచ్చెనలు వేయించి ఆకులకు కూడా కొట్టించాడు. తోటంతా పెళ్ళికి వెల్ల వేసిన ఇల్లులా తయారైంది. ఊళ్ళో పిల్లలు గుంపులుగా వచ్చి చూసి నవ్వారు. కొండమ్మ మాత్రం నవ్వలేదు.

"ఆవిడ చెప్పింది చెప్పినట్టు ఒక్క చెట్టుకైనా చేసి చూడకూడదా?" అంది.

"నువ్వు కూడా ఆవిడ పక్షమేనా?" అని నాగినేడు ఆవిడ మీద విరుచుకుపడ్డాడు. సున్నం కాటుకు ఆకులు మాడి, పండుబారి, రాలిపోయాయి.

ఇక వానలు వెనకబట్టే రోజులు వచ్చాయి. రాబోయేది మూడో వేసవి. తన చెట్లు కాసేలా చేసుకోవడం చేతకాదని నాగినేడుకు తెలిసిపోయింది. అప్పుడు అసూయ అతని చెవిలో అసలు మాట చెప్పింది. నీ చెట్లు కాయకపోతే పోనీ, ఆవిడవి మాత్రం ఎందుకు కాయాలి?

మర్నాడే కాలువకు అడ్డకట్ట వేసి, నీళ్ళన్నీ తన తోటలోకి తిప్పుకున్నాడు. తొలి వంతు తనది, ఇంకా చాలలేదంటే ఎవరు కాదంటారు? రోజులు గడిచాయి. అతని తోట చెరువైంది, కప్పలు కాపురం పెట్టాయి. అవతల మాచక్క తోటలో నేల నెర్రెలు విచ్చింది. చెట్లు వాడాయి, ఆకులు దొన్నెల్లా ముడుచుకుపోయాయి. అది చూసిన రోజున నాగినేడు చాలాకాలానికి కడుపునిండా తిన్నాడు. మారు వడ్డించమని కూడా అడిగాడు.

మాచక్క గట్టు దగ్గరికి వచ్చింది. పోట్లాటకే వస్తోందని నాగినేడు ఉత్తరీయం నడుముకు బిగించాడు. ఆవిడ మాత్రం మెల్లగా మాట్లాడింది.

"నా తోటకు ఎలాగూ ఇప్పుడు నీళ్ళు అక్కర్లేదన్నా, నేను ఆపేదే నువ్వు ఆపావు. పాపం, నడిమి వంతుల్లో ఉన్న అరటి తోటల వాళ్ళ పంట మాత్రం ఎండుతోంది, వాళ్ళకు వదులు. ఇంకో మాట. నీ చెట్ల మొదట్లో నీళ్ళు నిలబడ్డాయి. వేళ్ళకు ఊపిరాడక చస్తాయి, ముందు ఆ నీళ్ళు తియ్యి."

దాహంతో చస్తూ కూడా ఎంత టెక్కు అనుకున్నాడు నాగినేడు. నీళ్ళు వదిలించుకోవడానికి ఎంత తెలివైన దారి వెతికింది అనుకున్నాడు. కట్ట ఇంకో బారెడు పెంచాడు.

చివరికి అరటి తోటల వాళ్ళు పారలు పట్టుకుని వచ్చారు. వంతు నీదే గానీ కాలువ నీది కాదని చెప్పి, కట్ట తెంచి పోయారు. నీళ్ళు ఒక్కో తోటా తడుపుకుంటూ ఆఖరున మాచక్క తోటకు చేరాయి. సరిగ్గా ఆకు ముడుచుకున్న అదనులో చేరాయి. మాచక్క పాదులు గుల్ల చేసి, ఎరువు వేసి, కొంచెం కొంచెంగా తడిపింది. కొన్నాళ్ళకు ఆ తోటలో ఆకు కనపడకుండా పూత పూసింది. ఎప్పుడూ మొండికేసే చెట్లు కూడా ఆ ఏడు పూశాయి. పూల వాసన గట్టు దాటి వస్తుంటే నాగినేడు ఇంటి తలుపులు వేయించాడు.

అతని తోటలో మాత్రం చెట్ల మొదళ్ళ నుంచి బంక కారింది. ఆకులు పసుపుబారాయి. కొన్ని చెట్లు నిలువునా ఎండిపోయాయి.

మూడో వేసవిలో బండి వెంట రాజుగారే స్వయంగా వచ్చారు. మాచక్క కాయలతోనే బండి నిండింది. మిగిలినవి అక్కడికక్కడే పిండించి, వచ్చినవాళ్ళందరికీ రసం ఇచ్చారు. నాగినేడు చేతిలోనూ ఒక లోటా పెట్టారు. అతను గుక్క నోట్లో పోసుకున్నాడు గానీ మింగలేకపోయాడు.

"తొలి వంతు ఇకమీద మాచక్కది," అన్నారు రాజుగారు. "నాగినేడు చివరి వంతుకు దిగాలి. కట్టుబాటు ఎవరికైనా ఒకటే."

తాత సంపాదించిన వంతు అలా పోయింది. నాగినేడు ఇంటికి వెళ్ళి, గోడ వైపు తిరిగి పడుకుని ఏడ్చాడు. ఇంటికి వచ్చినవాళ్ళకు చెప్పుకోవడానికి ఇక కథ కూడా మిగల్లేదు.

వానలు వచ్చాయి, పోయాయి. తొలి వంతు మాచక్కది కాబట్టి కాలువ నీళ్ళు ముందు ఆవిడ గట్టు దగ్గరికి వచ్చాయి. ఆవిడ తన తోటకు పెట్టుకోకుండా అరటి తోటల వాళ్ళకు వదిలింది. చివరి వంతు నాగినేడు దాకా చుక్క చేరలేదు. మిగిలిన చెట్లయినా బతుకుతాయేమోనని ఆశపడ్డ మనిషికి, ఆ చెట్ల ఆకులు కూడా ముడుచుకోవడం కనిపించింది. వాటి చావు చూడటం కన్నా నరికి పొయ్యిలో పెట్టుకోవడం మేలనుకుని గొడ్డలి భుజాన వేసుకుని తోటకు వెళ్ళాడు. గట్టు అవతల మాచక్క ఉంది.

"నేను నీకు చేసిందే నువ్వు నాకు చేస్తున్నావు," అన్నాడు. "చెయ్యి. నన్ను నేను అనుకోవలసిందే, నిన్ను అనడానికి లేదు."

మాచక్క గొడ్డలి వైపు చూసింది. "ఇంకో వారం ఆగన్నా," అంది. "నా చెట్లు చూడు, అవీ దాహంతోనే ఉన్నాయి. ఇది నేను నీకు మొదట్లోనే చెప్పాను."

నాగినేడు చూశాడు. గట్టుకు ఇటూ అటూ ఆకులు ఒకేలా ముడుచుకుని ఉన్నాయి. ఆవిడ మాట నమ్మాడా అంటే అప్పటికీ పూర్తిగా నమ్మలేదు. చేతిలో నీళ్ళు లేవు కాబట్టి, చేసేది లేక ఊరుకున్నాడు. గొడ్డలి గట్టురాయికి ఆనించి ఇంటికి పోయాడు.

వారం తరువాత అరటి తోటలు తడిసి, నీళ్ళు నాగినేడు తోట దాకా వచ్చాయి. నీళ్ళతో పాటు పార పట్టుకుని మాచక్క కూడా వచ్చింది. బంక కారిన చోట బెరడు గీకి సున్నం పెట్టింది, మోకాలెత్తు వరకే. పాదులు ఎలా తవ్వాలో, ఎంత తడపాలో చూపించింది. కొండమ్మ ఎరువు మోసింది. నాగినేడు మారు మాట్లాడకుండా చెప్పిన పని చేశాడు. మనసులో మాత్రం, ఇదంతా ఎందుకు చేస్తోందీ మనిషి అని వెతుకుతూనే ఉన్నాడు.

కొన్నాళ్ళకు ఒక తెల్లవారుజామున అతనికి మెలకువ వచ్చింది. ఇంట్లో నిమ్మపూల వాసన. అలవాటుగా తలుపు మూయడానికి లేచాడు. లేచాక గమనించాడు, గాలి మాచక్క తోట వైపు నుంచి రావడం లేదు. పరుగున తోటకు వెళ్ళాడు. చచ్చినవి చావగా మిగిలిన ప్రతి చెట్టూ తెల్లగా పూసి ఉంది. తాత కాలంలో ఈ తోటది చివరి వంతు కదా, అందుకే వేసవిలో కాసేది కదా అని అప్పుడు తట్టింది. ఎంతమందికి చెప్పిన కథ! చెప్పడమే గానీ ఒక్కసారైనా తాను వినలేదు.

గట్టురాయి మీద తొండ అప్పటికే ఎండ కాచుకుంటోంది.

"ఆవిడ ఇన్నాళ్ళూ నిజమే చెప్పిందా?" అని అడిగాడు.

తొండ తల ఊపింది.

"అబద్ధమా అని అడిగినప్పుడు కూడా ఊపావు కదా?"

తొండ మళ్ళీ ఊపింది. ఊపి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు విప్పింది.

"నాగినేడూ, నా మెడ అంతే, దానంతట అదే ఊగుతుంది. నువ్వు ఏనాడూ నన్ను అడగలేదు. నీ కడుపుమంటను అడిగావు, అది చెప్పిన జవాబు విన్నావు."

నాగినేడు గట్టు దాటి మాచక్క దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ పాదులో కలుపు తీస్తోంది. ఆవిడ పక్కన నిలబడి అన్నాడు.

"చెల్లీ, నేనైతే నీకు చెప్పి ఉండేవాణ్ణి కాదు."

"తెలుసన్నా," అంది మాచక్క, తల ఎత్తకుండానే.

ఆ మాటకు అతను నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తరువాత ఆవిడ పక్కనే కూర్చుని కలుపు తీశాడు.

ఆ వేసవిలో రాజుగారి బండికి సగం కాయలు మాచక్క తోట నుంచి వెళ్ళాయి, సగం నాగినేడు తోట నుంచి వెళ్ళాయి. చివరి వంతుతో ఇంత కాయ ఎలా తీశావని అరటి తోట రైతు ఒకడు నాగినేడును పక్కకు పిలిచి, తియ్యతియ్యగా అడిగాడు. నాగినేడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆ రైతు అంతా విని, ఓరకంట చూసి, ఇది నేను నమ్ముతానా అన్నట్టు నవ్వి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ గట్టురాయి దగ్గర ఆగి తొండను ఏదో అడుగుతున్నాడు.

నాగినేడు దూరం నుంచి చూస్తూ, పోయిన తన మూడేళ్ళను తలుచుకుని తల పట్టుకున్నాడు.

పిల్లలూ, ఓర్వలేనివాడికి ఎవరూ అబద్ధం చెప్పనక్కర్లేదు. ఎదుటివాళ్ళు చెప్పిన నిజాన్నే వాడు అబద్ధంగా మార్చుకుని, తన తోటను తానే చంపుకుంటాడు.